బళేపేట నుంచి హైదరాబాదు ఎంత దూరం?

బెంగళూరు నుంచి హైదరాబాదు ఎంత దూరం అంటే మన పిల్లలు ఫోన్ చూసి ‘గంటంబావు’ అంటారు. మన పెద్దవాళ్ళు ‘ఒక రాత్రి’ అనేవాళ్ళు. రెండూ నిజమే. కానీ రెండింటిలోనూ మన గడప నుంచి విమానం మెట్ల దాకా ఉండే దూరం లెక్కలోకి రాలేదు.

ముందు నేల దారి చూద్దాం. కెంపేగౌడ కట్టించిన పాత ఊరి పేటల్లో మన బళేపేట ఒకటి. ఇక్కడి నుంచి ఉత్తరానికి పోతే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, పెనుకొండ, అనంతపురం, గుత్తి, కర్నూలు, జడ్చర్ల, ఆమీద హైదరాబాదు. మొత్తం సుమారు 570 కిలోమీటర్లు. ఈ రోడ్డునే ముందు 7వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్ళు, ఇప్పుడది 44.

ఇక గాలి దారి. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి బేగంపేటలో డెక్కన్ ఎయిర్‌వేస్ పెట్టినారు. డకోటా విమానాలు బెంగళూరుకూ వచ్చేవి. డకోటా వేగం గంటకు 300 కిలోమీటర్లకు అటూఇటూ. రెండు ఊర్ల మధ్య గాలిలో సుమారు 500 కిలోమీటర్లు కాబట్టి రెండు గంటలకు దగ్గర పడుతుంది. 1953లో ఈ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. తర్వాత జెట్‌లు వచ్చినాయి. ఇప్పుడు గాలిలో ఉండేది ముప్పావు గంటే. టికెట్‌లో రాసే మిగతా సమయం రన్‌వే దాకా నడవడానికి, దిగినాక ఆగడానికి.

2008లో ఒక తమాషా జరిగింది. మార్చి 23న శంషాబాద్, మే 24న దేవనహళ్ళి విమానాశ్రయాలు మొదలైనాయి. బేగంపేట, హెచ్‌ఏఎల్ నుంచి ప్రయాణికుల విమానాలు ఆగిపోయినాయి. శంషాబాద్ హైదరాబాదుకు దక్షిణం, దేవనహళ్ళి బెంగళూరుకు ఉత్తరం. అంటే రెండూ ఒకదానివైపు ఒకటి జరిగినాయి. గాలి దూరం సుమారు 455 కిలోమీటర్లకు దిగింది. కానీ బళేపేట నుంచి హెచ్‌ఏఎల్ పన్నెండు కిలోమీటర్లు ఉంటే, దేవనహళ్ళి ముప్పై అయిదు. పైన తగ్గింది, కింద జాస్తి అయింది. రెండు గంటల ముందే పోయి కూర్చోవాల కాబట్టి గడప నుంచి గడపకు అయిదారు గంటలు. 2023 సెప్టెంబరులో మొదలైన యశ్వంతపుర–కాచిగూడ వందే భారత్‌కు ఎనిమిదిన్నర గంటలు.

మన ఇండ్లల్లో ఈ లెక్క ఊరికే వేసేది కాదు. చావు కబురు వచ్చినప్పుడు ‘ఎత్తేలోపల అందుకుంటామా’ అనేదే అసలు దూరం. హైదరాబాదులో ఉండే కూతురికి విమానం నిజంగా మేలే చేసింది. కానీ మన చుట్టాలు జాస్తిగా ఉండేది పెనుకొండ, అనంతపురం పక్కన. హైదరాబాదు విమానం ఆ సీమ మీదుగానే పోతుంది, దిగదు. బెంగళూరు నుంచి కడపకు 2015లో, కర్నూలు దగ్గరి ఓర్వకల్లుకు 2021లో విమానాలు మొదలైనాయి. అనంతపురానికి మాత్రం ఈపొద్దుకీ బస్సో, రైలో, కారో. రోడ్డు మీద 215 కిలోమీటర్లు, నాలుగు గంటలు.

అందుకే మన ఇంటి చరిత్ర రాసేటప్పుడు ‘అప్పుడు దూరం, ఇప్పుడు దగ్గర’ అని ఒక్క మాటలో తేల్చకూడదు. ఏ ఏట, ఏ దారిన, ఏ గడప నుంచి ఏ గడపకు ఎన్ని గంటలు పట్టిందో పెద్దవాళ్ళను అడిగి రాసిపెట్టుకోవాల. వాళ్ళు ఉండగానే అడగాల.