పొరుగుదేశంలో రాజకీయ అశాంతి: విహారయాత్రకు వెళ్లాలా, వాయిదా వేయాలా?

దసరా సెలవులకు నేపాల్ యాత్ర ఖరారు చేసుకున్న కుటుంబాలకు 2025 సెప్టెంబరు రెండో వారం ఒక పరీక్షగా మారింది. టికెట్లు కొన్నారు, హోటల్‌కు సొమ్ము కట్టారు, సెలవు మంజూరైంది. అంతలో కాఠ్‌మాండూలో పార్లమెంటు భవనం తగలబడుతున్న దృశ్యాలు తెరల మీద కనిపించాయి. వెళ్లాలా, మానాలా అన్న ప్రశ్నకు ఇంట్లో తలా ఒక జవాబు చెప్పారు.

ఈ ప్రశ్న నేపాల్‌తో మొదలైంది కాదు, నేపాల్‌తో ముగిసేదీ కాదు. భారతీయులు తరచుగా విహారానికో, తీర్థయాత్రకో వెళ్లే థాయ్‌లాండ్, మాల్దీవులు, శ్రీలంక, బంగ్లాదేశ్ కూడా గడచిన రెండు దశాబ్దాల్లో రాజకీయ సంక్షోభాలను చూశాయి. ఆ అనుభవాలను పక్కపక్కన పెట్టి పరిశీలిస్తే ఒక విషయం స్పష్టమవుతుంది. ఆ దేశం ప్రశాంతంగా ఉందా లేదా అన్నదానికంటే, పరిస్థితి విషమిస్తే అక్కడి నుంచి తిరిగి వచ్చే దారి ఉందా అన్నదే యాత్రికుడు ముందుగా తేల్చుకోవలసిన ప్రశ్న.

అయిదు రోజుల్లో మారిపోయిన నేపాల్

ఆ సంవత్సరం సెప్టెంబరు 4న నేపాల్ ప్రభుత్వం ఫేస్‌బుక్, యూట్యూబ్, వాట్సాప్ సహా 26 సామాజిక మాధ్యమాలపై నిషేధం విధించింది. అవినీతిపై అప్పటికే ఆగ్రహంతో ఉన్న యువత సెప్టెంబరు 8న వీధుల్లోకి వచ్చింది. పోలీసు కాల్పులతో ఆ ఒక్కరోజే 19 మంది మరణించారు. నిషేధాన్ని ఆ రాత్రే ఎత్తివేసినా ఆగ్రహం చల్లారలేదు. మరునాడు ప్రధాని కె.పి.శర్మ ఓలీ రాజీనామా చేశారు. పార్లమెంటుకు, ప్రభుత్వ సచివాలయమైన సింహ దర్బారుకు, సుప్రీంకోర్టుకు నిరసనకారులు నిప్పు పెట్టారు. త్రిభువన్ అంతర్జాతీయ విమానాశ్రయం మూతపడింది. ఆ రాత్రి నుంచి భద్రత బాధ్యతను సైన్యం చేపట్టింది. విమానాల రాకపోకలు 10వ తేదీ సాయంత్రానికి తిరిగి మొదలయ్యాయి. 12న సుశీలా కార్కి తాత్కాలిక ప్రధానిగా ప్రమాణం చేశారు.

యాత్రికుని దృష్టితో ఈ క్రమాన్ని చూస్తే రెండు సంగతులు బోధపడతాయి. నిషేధం విధించిన నాటికీ, విమానాశ్రయం మూతపడిన నాటికీ మధ్య ఉన్న వ్యవధి అయిదు రోజులే. అంటే నెల ముందు టికెట్ కొన్నవారికి ముందస్తు హెచ్చరిక దాదాపు లేనట్టే. రెండోది, తీవ్రమైన హింస కొద్ది రోజుల్లోనే అదుపులోకి వచ్చింది. ఆ కొద్ది రోజుల్లో ఎక్కడ ఉన్నారన్నదే ప్రాణాలకూ ప్రమాదానికీ మధ్య తేడా అయింది. పశుపతినాథుని దర్శనానికి వెళ్లిన ఒక భారతీయ మహిళ, తాము బస చేసిన హోటల్‌కు నిరసనకారులు నిప్పు పెట్టగా, తప్పించుకునే ప్రయత్నంలో ప్రాణాలు కోల్పోయారు. ఆందోళన లక్ష్యం ప్రభుత్వమే అయినా, పెద్ద హోటళ్లూ మంటల బారిన పడ్డాయి.

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లినవారిలో అనేకులు విహారానికి కాక తీర్థయాత్రకు వెళ్లినవారు. వైష్ణవుల 108 దివ్యదేశాల్లో ఒకటైన ముక్తినాథ్, కైలాస మానస సరోవర మార్గంలోని సిమికోట్ వంటి చోట్ల వారు చిక్కుకుపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏర్పాటుచేసిన ప్రత్యేక విమానం సెప్టెంబరు 11న వంద మందికి పైగా యాత్రికులను విశాఖపట్నం, తిరుపతికి చేర్చింది. సిమికోట్‌లో ఉన్నవారిని చిన్న విమానంలో సరిహద్దుకు దగ్గరలోని నేపాల్‌గంజ్‌కు తెచ్చి, అక్కడి నుంచి రోడ్డుమార్గాన లఖ్‌నవూకు చేర్చవలసి వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం ఢిల్లీలోని తెలంగాణ భవన్‌లో సహాయ కేంద్రం తెరిచింది.

అన్ని అశాంతులూ ఒకటి కావు

'రాజకీయ అశాంతి' అన్న ఒకే మాట కింద వేర్వేరు పరిస్థితులు దాగి ఉంటాయి.

మాల్దీవుల్లో 2018 ఫిబ్రవరి 5న అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అది 45 రోజులు కొనసాగింది. అత్యవసరం కాని ప్రయాణాలు వాయిదా వేసుకోవాలని భారత విదేశాంగ శాఖ సూచించింది. అయితే నిరసనలు రాజధాని మాలేకు పరిమితమయ్యాయి. పర్యాటకుల విడిదులు వేర్వేరు దీవుల్లో ఉంటాయి. విమానాశ్రయం కూడా మాలేలో కాక పక్కనే ఉన్న హుల్హులే దీవిలో ఉంది. దేశం సంక్షోభంలో ఉన్నా, పర్యాటకుని దారి రాజధాని వీధుల మీదుగా పోలేదు.

థాయ్‌లాండ్‌లో 2008లో జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. దేశంలోని బీచ్‌లు ప్రశాంతంగానే ఉన్నాయి. కానీ నవంబరు 25న ఆందోళనకారులు బ్యాంకాక్‌లోని సువర్ణభూమి విమానాశ్రయాన్నే ఆక్రమించారు. వారం రోజులకు పైగా లక్షల మంది ప్రయాణికులు నిలిచిపోయారు. కొందరిని నౌకాదళానికి చెందిన ఉతపావ్ విమానాశ్రయం మీదుగా పంపవలసి వచ్చింది. విహారస్థలం భద్రంగా ఉన్నంత మాత్రాన తిరుగుదారి భద్రంగా ఉన్నట్టు కాదని ఆ ఘటన చూపింది.

శ్రీలంకలో 2022 నాటి సంక్షోభానికి మూలం ఆర్థికం. విదేశీ మారకద్రవ్యం అడుగంటి ఇంధనం, వంటగ్యాస్, మందులకు కొరత ఏర్పడింది. జూన్ చివరలో అత్యవసర సేవలకు తప్ప మరెవరికీ ఇంధనం అమ్మరాదని ప్రభుత్వం రెండు వారాలపాటు ఆంక్ష విధించింది. పర్యాటకులపై ఎవరూ దాడి చేయలేదనుకున్నా, కొలంబో నుంచి క్యాండీకి వెళ్లే కారుకు పెట్రోలు దొరకకపోతే యాత్ర ఆగిపోతుంది. అనారోగ్యం కలిగితే మందు దొరకడం కష్టమవుతుంది.

బంగ్లాదేశ్‌లో 2024 జులైలో విద్యార్థుల ఉద్యమం తీవ్రమైనప్పుడు ఇంటర్నెట్ సేవలను నిలిపివేశారు, కర్ఫ్యూ విధించారు. కోల్‌కతా, ఢాకాల మధ్య నడిచే మైత్రీ ఎక్స్‌ప్రెస్ ఆగిపోయింది. అక్కడ చదువుకుంటున్న వేలాది భారతీయ విద్యార్థులు అఖౌరా, డౌకీ వంటి సరిహద్దు కేంద్రాల మీదుగా స్వదేశం చేరారు. ఫోను, రైలు, విమానం ఒకేసారి అందుబాటులో లేకుండా పోవచ్చని అప్పుడు తెలిసింది.

అందువల్ల వార్త విన్నవెంటనే వేసుకోవలసిన ప్రశ్నలు ఇవి. అల్లర్లు ఏ నగరంలో, ఏ ప్రాంతంలో జరుగుతున్నాయి? మన దారి ఆ ప్రాంతం మీదుగా పోతుందా? విమానాశ్రయం మూతపడితే సరిహద్దుకు మరో మార్గం ఉందా? ఇంధనం, మందులు, నగదు, ఫోను సేవలు అందుతున్నాయా?

అడ్వైజరీని ఎలా చదవాలి?

భారత విదేశాంగ మంత్రిత్వ శాఖ, ఆయా దేశాల్లోని భారత రాయబార కార్యాలయాలు ప్రయాణ సూచనలు జారీ చేస్తాయి. అమెరికా ప్రభుత్వం దేశాలను 1 నుంచి 4 వరకు స్థాయులుగా విభజిస్తుంది. 4వ స్థాయి అంటే వెళ్లవద్దని అర్థం. భారత్‌లో ఇటువంటి అంకెల విధానం లేదు. కనుక సూచనలోని మాటలనే జాగ్రత్తగా చదవాలి.

'అప్రమత్తంగా ఉండండి' అన్నది అక్కడ ఉన్నవారిని ఉద్దేశించిన మాట. 'అత్యవసరం కాని ప్రయాణాలు మానుకోండి' అంటే విహారయాత్ర మానుకోవాలనే అర్థం, ఎందుకంటే ఏ విహారయాత్రా అత్యవసరం కాదు. 'పరిస్థితి కుదుటపడేవరకు ప్రయాణం వాయిదా వేయండి' అన్న సూచన వస్తే ఇక చర్చకు తావు లేదు. నేపాల్ విషయంలో 2025 సెప్టెంబరు 9న వచ్చిన సూచన ఇటువంటిదే. కొన్నిసార్లు సూచన మొత్తం దేశానికి కాక కొన్ని ప్రాంతాలకే వర్తిస్తుంది. 2025 జులైలో థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులో ఘర్షణలు చెలరేగినప్పుడు సరిహద్దు ప్రావిన్సులకు వెళ్లవద్దని థాయ్‌లాండ్‌లోని భారత రాయబార కార్యాలయం సూచించింది. ఫుకెట్ వెళ్లేవారికి అది అదే స్థాయిలో వర్తించదు.

సూచన రాలేదు కాబట్టి భయం లేదనుకోవడం కూడా పొరపాటే. సూచనలు సాధారణంగా పరిణామం తరువాతే వస్తాయి.

ఎవరు వెళ్తున్నారన్నదీ ముఖ్యమే

ఒంటరిగా వెళ్లే యువకుడు రెండు రోజులు హోటల్ గదిలో గడపగలడు, అవసరమైతే బస్సులో సరిహద్దు దాటగలడు. రక్తపోటు, మధుమేహం మందులు వాడే 70 ఏళ్ల యాత్రికునికి అదే పరిస్థితి ప్రాణాంతకం కావచ్చు. పసిపిల్లలతో వెళ్లేవారికి, గర్భిణులకు కూడా ఇదే వర్తిస్తుంది. ముక్తినాథ్, సిమికోట్ వంటి చోట్లకు వాతావరణం అనుకూలిస్తేనే చిన్న విమానాలు నడుస్తాయి. అటువంటి ప్రాంతంలో ఒకే దారి మీద ఆధారపడిన బృందంలో వృద్ధులు ఉంటే, చిన్నపాటి సందేహం వచ్చినా వాయిదా వేయడమే వివేకం.

తీర్థయాత్రల విషయంలో కుటుంబాలు ఒక ఇబ్బందిని ఎదుర్కొంటాయి. జీవితంలో ఒక్కసారైనా దర్శించుకోవాలని ఏళ్ల తరబడి దాచుకున్న సొమ్ముతో బయలుదేరే పెద్దలు, 'ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు' అంటారు. ఆ మాటను తోసిపుచ్చలేం. అయితే నేపాల్ అనుభవంలో హింస తగ్గిన కొద్ది వారాలకే పర్యాటకం కోలుకుంది. కొద్ది నెలల వాయిదా దర్శనాన్ని దూరం చేయదని పెద్దలకు నచ్చజెప్పడానికి ఈ వాస్తవం పనికివస్తుంది.

కట్టిన సొమ్ము సంగతి

చాలామంది ప్రమాదం తెలిసీ బయలుదేరడానికి కారణం ధైర్యం కాదు, కట్టిన డబ్బు పోతుందన్న దిగులు. అందుకే నియమాలు ముందుగా తెలుసుకోవాలి.

విమానయాన సంస్థే విమానాన్ని రద్దు చేస్తే, పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ నిబంధనల ప్రకారం ప్రత్యామ్నాయ విమానమో, టికెట్ సొమ్ము వాపసో ఇవ్వాలి. రాజకీయ అస్థిరత, అల్లర్లు సంస్థ చేతిలో లేని అసాధారణ పరిస్థితులు గనుక అదనపు నష్టపరిహారం మాత్రం రాదు. ప్రయాణికుడే ముందుగా రద్దు చేసుకుంటే టికెట్ షరతుల ప్రకారం కోత పడుతుంది. కనుక ప్రయాణానికి ఇంకా వ్యవధి ఉంటే, విమాన సంస్థ రద్దు లేదా తేదీ మార్పు సదుపాయం ప్రకటిస్తుందేమో ఒకటి రెండు రోజులు వేచిచూడటం లాభదాయకం. హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక టికెట్, ఢిల్లీ నుంచి కాఠ్‌మాండూకు వేరొక టికెట్ కొన్నవారికి రెండోది రద్దయినా మొదటిదాని సొమ్ము రాకపోవచ్చు. రెండూ ఒకే బుకింగ్‌లో ఉండటం మేలు.

ప్రయాణ బీమా పత్రంలో 'మినహాయింపులు' అన్న భాగాన్ని తప్పక చదవాలి. యుద్ధం, అంతర్యుద్ధం వల్ల కలిగే నష్టాన్ని బీమా సంస్థలు సాధారణంగా మినహాయిస్తాయి. అల్లర్ల విషయంలో పాలసీకీ పాలసీకీ తేడా ఉంటుంది. అల్లర్లు మొదలయ్యాక కొన్న పాలసీ, అప్పటికే తెలిసిన ప్రమాదానికి వర్తించకపోవచ్చు. భయం వల్ల మానుకున్న యాత్రకు మామూలు పాలసీలు పరిహారం ఇవ్వవు. టూర్ ఆపరేటర్‌తో కుదుర్చుకునేటప్పుడు, యాత్ర వాయిదా పడితే ఎంత తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకోవాలి.

అక్కడ ఉండగా అల్లర్లు మొదలైతే?

మొదట చేయవలసింది కదలకుండా ఉండటం. కర్ఫ్యూ సమయంలో విమానాశ్రయానికి పరుగెత్తడం కంటే బస చేసిన చోటే ఉండి, రాయబార కార్యాలయానికి ఫోను చేసి పేరు, చిరునామా, బృందంలోని వారి సంఖ్య తెలియజేయాలి. నేపాల్‌కు వెళ్లే భారతీయులకు వీసా అవసరం లేదు. అందువల్ల ఎవరు ఎక్కడ ఉన్నారో తామే చెబితే తప్ప అధికారులకు తెలియదు.

బస చేసిన భవనం ప్రభుత్వ కార్యాలయాల సమీపంలో ఉంటే, వీధులు ప్రశాంతంగా ఉన్న సమయంలో వేరొక చోటుకు మారడం మంచిది. ఇంటర్నెట్ ఆగిపోవచ్చు గనుక ముఖ్యమైన ఫోను నంబర్లు, హోటల్ చిరునామా కాగితం మీద రాసి ఉంచుకోవాలి. పాస్‌పోర్టు నకలు, స్థానిక కరెన్సీ, కనీసం వారం రోజులకు అదనపు మందులు దగ్గర ఉండాలి. ఊరేగింపులను చూడటానికి వెళ్లడం, వీడియోలు తీయడం, నినాదాలు ఇవ్వడం తగదు. స్థానిక రాజకీయాల్లో విదేశీయులు పాల్గొనడం అనేక దేశాల్లో వీసా షరతులకు విరుద్ధం.

రాయబార కార్యాలయం నుంచి ఏమి ఆశించవచ్చో కూడా తెలిసి ఉండాలి. తాత్కాలిక ప్రయాణ పత్రం, స్థానిక అధికారులతో సంప్రదింపు, తరలింపు సమాచారం అక్కడ లభిస్తాయి. ఆర్థికంగా నిస్సహాయులైనవారికి భారతీయ సముదాయ సంక్షేమ నిధి నుంచి వసతి, తిరుగు ప్రయాణానికి సాయం అందే వీలుంది. హోటల్ బిల్లులన్నీ ప్రభుత్వమే కడుతుందని అనుకోరాదు.

వెళ్లకపోతే నష్టపోయేవారు

ఈ నిర్ణయానికి మరో పార్శ్వం ఉంది. 2018లో శ్రీలంకను 23 లక్షల మంది విదేశీయులు సందర్శించారు. 2019 బాంబు దాడులు, ఆపై కోవిడ్, ఆ వెంటనే ఆర్థిక సంక్షోభం వరుసగా రావడంతో 2022లో ఆ సంఖ్య 7 లక్షల పైచిలుకుకు పడిపోయింది. 2024లో తిరిగి 20 లక్షలు దాటింది. వారిలో భారతీయులదే అగ్రస్థానం. ఈ అంకెల వెనుక ఆటో నడిపేవారు, గైడ్లు, చిన్న హోటళ్ల సిబ్బంది, సముద్రతీరంలో కొబ్బరిబొండాలు అమ్మేవారు ఉన్నారు. హింస ముగిసిన తరువాత కూడా యాత్రికులు భయంతో దూరంగా ఉంటే, ఆ అల్లర్లతో ఏ సంబంధమూ లేని ఈ కుటుంబాలే రెండోసారి దెబ్బతింటాయి.

మయన్మార్ ఇందుకు భిన్నమైన ఉదాహరణ. 1990లలో అక్కడి సైనిక ప్రభుత్వం పర్యాటకాన్ని ప్రోత్సహించినప్పుడు, ఆ సొమ్ము పాలకులకే చేరుతుందని, విదేశీయులు రావద్దని ఆంగ్ సాన్ సూచీ నాయకత్వంలోని ప్రజాస్వామ్య పక్షం పిలుపునిచ్చింది. తరువాతి కాలంలో ఆ వైఖరిని సడలించింది. యాత్రికుని డబ్బు ఎవరి చేతికి చేరుతుందన్నది కూడా ఆలోచించవలసిన విషయమేనని ఆ చర్చ గుర్తుచేస్తుంది.

కాబట్టి హింస కొనసాగుతున్నప్పుడు, ప్రభుత్వం వద్దన్నప్పుడు, తిరుగుదారి ఒక్కటే ఉండి అదీ అనుమానాస్పదమైనప్పుడు విహారయాత్ర వాయిదా వేయాలి. కర్ఫ్యూ తొలగి, విమానాలు వేళకు నడుస్తూ, సూచన సడలిన తరువాత వెళ్లడానికి వెనుకాడనక్కరలేదు. 2025 సెప్టెంబరులో వాయిదా వేసుకుని, ఆ శరత్కాలంలోనే నేపాల్ వెళ్లివచ్చిన యాత్రికులకు కొండలూ దొరికాయి, దర్శనమూ దొరికింది.