సూర్యుని అయస్కాంత క్షేత్రం: పరిశీలనల ఆధారంగా నమూనాల రూపకల్పన

సూర్యుని వెలుపలి వాతావరణమైన కరోనాలో సంభవించే విస్ఫోటనాలకు మూలం అక్కడి అయస్కాంత క్షేత్రం. వీటి ప్రభావం భూమిపై విద్యుత్ గ్రిడ్లు, ఉపగ్రహాలు, రేడియో ప్రసారాలపై పడుతుంది. 1989 మార్చి 13న కెనడాలోని క్విబెక్ ప్రావిన్సులో సౌర తుఫాను కారణంగా విద్యుత్ సరఫరా స్తంభించి, సుమారు 60 లక్షల మంది దాదాపు 9 గంటలపాటు ఇబ్బందులకు లోనయ్యారు. ఇటువంటి ముప్పును ముందుగా పసిగట్టేందుకు శాస్త్రవేత్తలు సూర్యుని అయస్కాంత క్షేత్రానికి గణిత నమూనాలను రూపొందిస్తున్నారు.

అయస్కాంత క్షేత్రంలో కాంతి వర్ణపట రేఖలు చీలుతాయని డచ్ శాస్త్రవేత్త పీటర్ జీమన్ 1896లో గుర్తించారు. ఈ సూత్రం ఆధారంగా 1908లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ ఎలరీ హేల్ సూర్యుని మచ్చలలో బలమైన అయస్కాంత క్షేత్రం ఉన్నదని నిరూపించారు. 2010లో ప్రయోగించిన నాసా వారి సోలార్ డైనమిక్స్ అబ్జర్వేటరీ కూడా ఇదే సూత్రంపై సూర్యుని ఉపరితల క్షేత్రాన్ని కొలుస్తుంది.

కరోనా అతి పలుచనిది, దాని కాంతి మిక్కిలి స్వల్పం. అందువలన అక్కడి క్షేత్రాన్ని నేరుగా కొలవడం కష్టసాధ్యం. ఉపరితల కొలతలను ఆధారంగా చేసుకొని పైభాగంలోని క్షేత్రాన్ని గణించడమే నమూనాల విధానం. 1969లో వెలువడిన సరళ నమూనా కరోనాలోని విద్యుత్ ప్రవాహాలను లెక్కలోనికి తీసుకోదు. అయితే విస్ఫోటనాలకు కావలసిన శక్తి ఆ ప్రవాహాలతోనే ముడిపడి ఉండుట గమనార్హం. కావున వాటిని కూడా గణించే క్లిష్టతర నమూనాలు అవసరమయ్యాయి.

భూమి నుంచి సూర్యుని ఒక పార్శ్వం మాత్రమే కనిపిస్తుంది. సంపూర్ణ పటం సిద్ధం కావడానికి సుమారు 27 రోజులు పడుతుంది. ఈలోగా మొదట చూసిన భాగం మారిపోవచ్చును. ధ్రువ ప్రాంతాలు ఏటవాలుగా మాత్రమే కనిపించడం మరొక పరిమితి.

నమూనాల కచ్చితత్వానికి సంపూర్ణ సూర్యగ్రహణం మంచి పరీక్ష. 2017 ఆగస్టు 21 నాటి గ్రహణానికి ముందే కోల్‌కతాలోని ఐసర్ శాస్త్రవేత్తలు కరోనా ఆకృతిని అంచనా వేసి ప్రకటించి, అనంతరం గ్రహణ చిత్రాలతో సరిపోల్చారు.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఇస్రో ప్రయోగించిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న భూమికి సుమారు 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని నిర్దేశిత కక్ష్యకు చేరింది. అందులోని మాగ్నెటోమీటరు సౌర పవనాలతోపాటు వచ్చే అయస్కాంత క్షేత్రాన్ని కొలుస్తుంది. ఆ క్షేత్రం దక్షిణ దిశగా ఉన్నట్లయితే భూమిపై తుఫాను తీవ్రమవుతుంది. కానీ ఆ బిందువు వద్ద కొలిచిన పిదప లభించే వ్యవధి సాధారణంగా గంట లోపే. విద్యుత్, ఉపగ్రహ సంస్థలకు అంతకు మించిన వ్యవధి కావాలంటే విశ్వసనీయమైన నమూనాలే శరణ్యం.