చిగురు కింద మళ్లీ పుట్టే కణజాలం

పంటి వేరుకూ దవడ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఆ సందులోని లిగమెంటు పోగులు ఒక కొస వేరు మీది సిమెంటంలోనూ, రెండో కొస ఎముకలోనూ నాటుకుని పన్నును పట్టి ఉంచుతాయి. చిగుళ్ల వ్యాధి ముదిరితే ఈ మూడూ దెబ్బతింటాయి.

పోయినదాన్ని తిరిగి రప్పించే ప్రయత్నాలు చాలాకాలం ఎముక చుట్టూనే తిరిగాయి. 1923లో హెగెడూస్ రోగి కాలి ఎముక ముక్కలనే తెచ్చి దవడలో పెట్టి చూశాడు. శస్త్రచికిత్స చేస్తే చిగురు బిగిసేది, పంటికీ చిగురుకూ మధ్య ఏర్పడిన సందు (పాకెట్) లోతు తగ్గేది, వైద్యుడూ రోగీ తృప్తిపడేవారు. మైక్రోస్కోపు కింద మాత్రం వేరు వెంబడి చిగురు పైపొరే పొడవుగా దిగి కనిపించేది. పుండు మానింది గానీ, పోగులు తిరిగి నాటుకోలేదు.

కారణాన్ని 1976లో పరిశోధకుడు మెల్చర్ సూటిగా చెప్పాడు. గాయంలోకి చిగురు పైపొర, దాని కింది కణజాలం, ఎముక, లిగమెంటు అనే నాలుగు చోట్ల నుంచి కణాలు వస్తాయి. వేరును ఏది ముందు చేరితే దాన్నిబట్టే ఫలితం ఉంటుంది. అన్నిటికన్నా వేగం పైపొరది. 1980 ప్రాంతంలో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు జంతువుల మీద ఇంకో సంగతి తేల్చారు: వ్యాధి సోకిన వేరుకు ఎముక నేరుగా తగిలితే వేరు కరుగుతుంది, లేదా ఎముకకు అతుక్కుపోతుంది. ఎముక పెరిగితే చాలన్న నమ్మకానికి అది గట్టి దెబ్బ.

అలాగైతే ఆశ పెట్టుకోదగ్గది లిగమెంటు కణాల మీదే. 1982లో నైమన్, లిండే బృందం ఒక రోగి కింది ముందుపన్ను దగ్గర చిగురు పైకెత్తి, వేరును శుభ్రం చేసి, ప్రయోగశాలల్లో వాడే మిల్లీపోర్ ఫిల్టరును వేరు మీద కప్పి కుట్లు వేసింది. చిగురు కణాలకు దారి మూసుకుపోయింది. మూడు నెలల తర్వాత పన్నును చుట్టుపక్కల ఎముకతో సహా తీసి పరీక్షిస్తే కొత్త సిమెంటం, అందులో నాటుకున్న పోగులు కనిపించాయి. ఒక్క పన్నే అయినా, ఆ సాక్ష్యం ఒక చికిత్సకు దారితీసింది.

తర్వాత ఆ ఫిల్టరు స్థానంలో గోర్‌టెక్స్ పొరలు వచ్చాయి. అవి కరగవు కాబట్టి తీయడానికి మరోసారి కోయాలి. ఆ బాధ తప్పించడానికే కొలాజెన్ పొరలు. 1997లో హామర్‌స్ట్రోమ్ బృందం అడ్డుకట్ట ఆలోచనే పక్కనపెట్టి, పంది పిల్లల పంటి మొలకల నుంచి తీసిన ఎనామెల్ ప్రొటీన్లను వేరుకు పూసింది. పిండదశలో సిమెంటం ఏర్పడే తీరును మళ్లీ నడిపించాలన్నది వారి ఎత్తుగడ. 2004లో జ్ఞానదంతాల లిగమెంటులో మూలకణాలూ దొరికాయి.

ఏ పద్ధతైనా బాగా ఫలించేది రెండు మూడు వైపుల ఎముక గోడలు మిగిలిన ఇరుకు గుంటల్లోనే. ఎముక అంతటా సమంగా అరిగిపోయిన చోట ఇవి పెద్దగా పనిచేయవు. పొగతాగేవారిలో ఫలితం ఇంకా తగ్గుతుంది.