విశాఖ పాతపట్టణము

చోడవరము నుండి విశాఖపట్టణమునకు పోవువారిలో పెక్కురు ద్వారకానగరు బస్సు నిలయము దాటి ముందుకు పోరు. ఆ మహానగరమునకు పుట్టినిల్లయిన పాతపట్టణము రేవు ప్రక్కన నున్నది. వాడుకలో దానిని వన్‌టౌను అందురు.

సముద్రమే ఈ పేటకు నానాజాతులను తెచ్చినది. బెస్తపల్లె చెంత పదునేడవ శతాబ్ది చివర ఆంగ్లేయులు వర్తకశాల నెలకొల్పిరి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ దానిని పట్టుకొనెను. 1780 అక్టోబరులో, హైదరాలీపై యుద్ధమునకై ఓడనెక్కి మద్రాసు పొమ్మనగా, ఇచ్చటి సిపాయీలు తిరుగబడి తుపాకులు తమ అధికారులపైకే త్రిప్పిరి. 1857నకు డెబ్బదియేడేండ్ల ముందటి ఆ సాహసము మనలో ఎందరికి జ్ఞప్తియందున్నది?

రేవు ముఖమున మూడు గుట్టలు. ఒకదానిపై వేంకటేశ్వరాలయము, ఒకదానిపై ఇషాక్ మదీనా దర్గా, వేరొకదానిపై మేరీమాత గుడి. ఈ మూడవ గుట్టపై 1864లో రాస్ అను దొర ఇల్లు కట్టుకొనెను. పిదప ఆ ఇల్లే ప్రార్థనామందిరమయ్యెను. దర్గాకు హిందువులును పోయి మ్రొక్కుదురు. అది అచ్చట వింత కాదు.

1933లో ఓడరేవు తెరువబడిన పిమ్మట పట్టణము వాల్తేరు మెట్టలవైపు ప్రాకినది. కలిగినవారును, కచ్చేరీలును పెక్కు అటే తరలినవి. పెండ్లి బంగారమునకై కురుపాం మార్కెటుకు దిగివచ్చువారు మాత్రము నేటికిని కలరు.