అటక మీది తాటాకుల కట్ట

వచ్చే నెల ఇల్లు మారుతున్నాము. బీరువాలు, మంచాలు ఎవరికివ్వాలో తేలింది. తాతగారి తాటాకుల కట్ట దగ్గరే చేయి ఆగింది. "గోదావరిలో కలిపేద్దామండీ" అన్నది మా ఇల్లాలు.

అది పూర్వాచారమే. కాని కొత్త ప్రతి వ్రాసుకున్న పిదపనే శిథిలప్రతిని నీట విడిచేవారు. అచ్చు వచ్చాక వ్రాయసకాండ్రు పోయారు. ఆచారంలో విడవడమొక్కటే మిగిలింది.

సి.పి. బ్రౌను (1798-1884) కడపలో పండితులకు జీతాలిచ్చి తాళపత్రాలు సేకరించి, శుద్ధప్రతులు వ్రాయించాడు. 1855లో ఇంగ్లండు వెళ్ళకముందే వాటిని మద్రాసు లిటరరీ సొసైటీకి అప్పగించాడు. అవి తరువాత అక్కడి ప్రాచ్యలిఖిత పుస్తక భాండాగారానికి చేరాయి. ఊరు విడిచేవాడు చేయవలసిన పని అది.

నన్నెచోడుని కుమారసంభవాన్ని మానవల్లి రామకృష్ణకవిగారు 1909లో వెలుగులోకి తెచ్చారు. దొరికింది తంజావూరి తాళపత్రంలో. ఆ కట్టను ఎవరో కావేరిలో కలిపి ఉంటే?

మా కట్టలో కావ్యమే ఉండనక్కరలేదు; వైద్యపు చిట్కాలో, వడ్డీ లెక్కలో కావచ్చు. తెలుగు పండితుడనని పేరేగాని, ఆ గొలుసుకట్టు వ్రాత నాకే కూడి రాలేదు. నేను చదువలేకపోవడం దానిని పారవేయడానికి కారణం కారాదు. తిరుపతిలో 1939లో వెలసిన ప్రాచ్య పరిశోధన సంస్థకు నిన్ననే ఉత్తరం వ్రాశాను.

మిత్రులారా, మీ అటకలు కూడా ఒకసారి చూడండి.