పాపం వాక్యూమ్ పైపు

జనగామ, మానుకోట, భూపాలపల్లి 2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లా కేంద్రాలయ్యాయి గానీ, నాకు మూడూ ఇప్పటికీ వరంగల్ జిల్లానే. ఆ వైపు నేను చూసిన షెడ్లలో పెట్రోలు అంబాసిడర్లకి చేసే వైద్యం ఒకటి నాకెప్పుడూ మింగుడుపడలేదు. ఇంజను టకటక కొడుతోందంటే చాలు, కార్బురేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే సన్నపైపు పీకేసి మూతి బిగించేసేవారు.

ఆ పైపు ఎందుకొచ్చిందో తెలియాలంటే కాస్త వెనక్కెళ్ళాలి. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టిలో స్టీరింగ్ కింద ఎడమవైపు ఒక లివర్ ఉండేది. స్పార్క్ ఎంత ముందు పడాలో డ్రైవరే దాంతో చెప్పాలి. అది ముందుకి పెట్టి మర్చిపోయి హ్యాండిల్ రాడ్డు తిప్పితే ఇంజను వెనక్కి తన్నేది. చేతులు విరిగినవాళ్ళున్నారు.

తర్వాత్తర్వాత ఈ పని డిస్ట్రిబ్యూటర్ లోపలికి చేరింది. స్ప్రింగులకి కట్టిన రెండు బరువులు, వేగం పెరిగేకొద్దీ విచ్చుకుని స్పార్క్‌ని ముందుకి జరుపుతాయి. కానీ వేగం ఒక్కటే చాలదు కదా, లోడు కూడా చూడాలి. యాక్సిలరేటర్ కొంచెమే తొక్కి తాపీగా పోతున్నప్పుడు సిలిండర్లోకి వెళ్ళే పెట్రోలు-గాలి తక్కువ, అది నెమ్మదిగా మండుతుంది. కాబట్టి ఇంకాస్త ముందే అంటించాలి. అప్పుడు కార్బురేటర్ దగ్గరి వాక్యూమ్, డయాఫ్రమ్‌ని లాగి ఆ పని చేస్తుంది. రెండు ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్. మేం కోడ్‌లో రాసే టేబుల్‌ని వాళ్ళు స్ప్రింగులతో రాసేశారన్నమాట!

1959లో అంబాసిడర్‌కి వచ్చిన 1489 సీసీ బి.ఎం.సి. ఇంజనులోనూ ఇదే ఏర్పాటు. మరి పైపు పీకితే టకటక ఆగుతుందా? ఎత్తెక్కుతూ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు వాక్యూమ్ దాదాపు సున్నా. అంటే ఇంజను ఎక్కువగా కొట్టే సమయానికి ఆ పైపు డ్యూటీలోనే లేదు! అసలు కారణం టైమింగ్ మరీ ముందుకుండటమో, సిలిండర్లో మసి పేరుకోవడమో, పెట్రోలు ఆక్టేన్ చాలకపోవడమో. (మన మామూలు పెట్రోలుది చాలాకాలం 87.) లూకాస్ డిస్ట్రిబ్యూటర్ మీద 'ఏ', 'ఆర్' అక్షరాలతో బుల్లి చక్రం పెట్టిందే పెట్రోలుకి తగ్గట్టు దిద్దుకోమని.

పైపు పీకిన రోజే డిస్ట్రిబ్యూటర్‌ని కూడా కాస్త వెనక్కి తిప్పేవారు. టకటక ఆగేది, పేరు పైపు పీకుడుకి వచ్చేది. జనగామ నుంచి వరంగల్ దాకా తాపీగా పోయే టాక్సీకి మైలేజీ పడిపోయేది. ఆ పెట్రోలు డబ్బులు ఓనరు జేబులోంచే.

2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఇప్పటి కార్లలో ఈ లెక్కంతా కంప్యూటరే చూసుకుంటుంది. పాత బండి ఉన్నవాళ్ళు మాత్రం ఆ పైపు పీకేముందు ఒక చివర నోట్లో పెట్టుకుని పీల్చి చూడండి. పాయింట్ల ప్లేటు కదలాలి. కదలకపోతే డయాఫ్రమ్ చిరిగిందో, ప్లేటే పట్టేసిందో అయ్యుంటుంది.