గోల్కొండ సుల్తానుల సమాధులు: ఇద్దరు యాత్రికుల సాక్ష్యం

బీదరు, జహీరాబాదుల వైపు నుండి హైదరాబాదు వచ్చే యాత్రికునికి పటాన్‌చెరుకు ముందు ముత్తంగి వద్ద ఔటర్ రింగు రోడ్డు ఎదురవుతుంది. అక్కడ కుడివైపు తిరిగి దక్షిణంగా పోతే గోల్కొండ దారి దొరుకుతుంది. కోటకు ఉత్తరాన, ఇబ్రహీం బాగ్‌లో కుతుబ్‌షాహీ సుల్తానుల సమాధులున్నాయి. నేటి సందర్శకుడు టిక్కెట్టు కొని, గుమ్మటాలు చూసి, ఫొటోలు తీసుకొని వెళ్ళిపోతాడు. మూడున్నర శతాబ్దాల క్రితం వచ్చినవారు చూసింది ఇంతకంటే ఎక్కువ.

అబ్దుల్లా కుతుబ్‌షా (1626–1672) కాలంలో ఇద్దరు ఫ్రెంచివారు ఈ సమాధులను గురించి వ్రాశారు. వజ్రాల వర్తకుడు తావెర్నియే కథనం ప్రకారం, ప్రతిరోజూ సాయంత్రం నాలుగు గంటలకు అక్కడికి వచ్చిన పేదలందరికీ రొట్టె, పలావు పంచేవారు. పండుగనాడు ఉదయం నుండి సాయంత్రం వరకు సమాధులపై విలువైన తివాచీలు పరచి ఉండేవి. 1666–67లో దక్కనులో పర్యటించిన తెవెనో లోపలి దృశ్యాన్ని వర్ణించాడు. సమాధిపై తెల్లని పూల శాటిన్ వస్త్రం నేలదాకా జారి ఉంది. చుట్టూ దీపాలున్నాయి. ఒక ప్రక్క మడత పీటలపై గ్రంథాలున్నాయి. వాటిలో అధికభాగం ఖుర్‌ఆన్ ప్రతులు, వ్యాఖ్యానాలు.

ఇద్దరూ పరాయి మతస్థులే. ముస్లిం పాలకులను పొగడవలసిన అవసరం వారికి లేదు. అందుచేతనే వారి సాక్ష్యం విలువైనది. దానినిబట్టి ఆ సమాధులు కేవలం రాజవైభవ చిహ్నాలు కావని, పారాయణానికీ అన్నదానానికీ నిలయాలని తెలుస్తున్నది. సమాధుల సందర్శన పరలోకాన్ని గుర్తుచేస్తుందన్నది ప్రవక్త బోధ. వంశ స్థాపకుడు సుల్తాన్ కులీ తన సమాధిని బ్రతికుండగానే కట్టించుకున్నాడు. 1543లో హత్యకు గురై అందులోనే విశ్రమించాడు. కాని చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషాకు ఇక్కడ చోటు దక్కలేదు. 1687లో ఔరంగజేబు గోల్కొండను జయించి అతనిని దౌలతాబాదు కోటలో బంధించాడు. చెరలోనే మరణించిన ఆ రాజు సమాధి ఖుల్దాబాదులో ఉన్నది. రాజ్యాలు ఎంత అస్థిరమో చెప్పడానికి వేరే ఉదాహరణ అక్కరలేదు.

పందొమ్మిదవ శతాబ్దంలో మొదటి సాలార్‌జంగ్ ఈ కట్టడాలను బాగుచేయించాడు. 2013 నుండి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన విస్తృత పునరుద్ధరణ 2024లో ముగిసింది. గుమ్మటాలు తిరిగి నిలిచాయి. ఇది హర్షించదగిన కార్యమే. కాని రాతిని, సున్నాన్ని మరల చేర్చినట్లు సాయంకాలపు పలావును చేర్చలేము. ఆ గుమ్మటాల క్రింద నిలిచే యాత్రికుడు సుల్తానుల పేర్లతోపాటు ఆ నాలుగు గంటల వేళను కూడా జ్ఞాపకం చేసుకుంటే, అతని సందర్శన సార్థకమవుతుంది.